చదువునకును ఆటకును నడుమ నిలిచిన ఆచార్యుడు

పిల్లల ఆటలను గూర్చి తలిదండ్రులు మాతో రెండు విధములుగా మాటలాడుచుందురు. “మావాడు బంతి వెంట పరుగెత్తి చదువు చెడగొట్టుకొనుచున్నాడు, మాస్టరుగారూ” అని కొందరు విచారపడుదురు. “పందెములో గెలిచి బడికి కప్పు తెచ్చిన పిల్లవానికి నాలుగు మార్కులు ఎక్కువ వేసిన తప్పేమి?” అని మరికొందరు అడుగుదురు. ఈ రెండు మాటలును ఒకదానికొకటి విరుద్ధముగా తోచినను, రెండింటికిని వేరు ఒక్కటియే. చదువు వేరు, ఆట వేరు. ఒకటి పెరిగినచో రెండవది తరుగును అను తలంపే ఆ వేరు.

ఈ తలంపు నిజమగునా? ఈ ప్రశ్నకు ఊహలతో గాక, ఒక మనుష్యుని జీవితముతో ప్రత్యుత్తరమీయ దలచితిమి. ఆయన పేరు జేమ్స్ నైస్మిత్. బాస్కెటుబాలు ఆటను కనిపెట్టినవాడని ఆయనను లోకమెరుగును. అయితే ఆయన ముప్పదితొమ్మిది సంవత్సరములు ఒక విశ్వవిద్యాలయములో ఆచార్యుడుగా ఉండి, తరగతి గదికిని ఆటస్థలమునకును నడుమ వారధివలె నిలిచెనని ఎరిగినవారు తక్కువ. మేమిచ్చట చెప్పదలచినది ఆ రెండవ సంగతినే.

1. చలనశాస్త్రమనగా నేమి?

ఇంగ్లీషున కినీసియాలజీ అని పిలువబడు శాస్త్రమొకటి కలదు. గ్రీకు భాషలో కినేసిస్ అనగా కదలిక. మానవ దేహమెట్లు కదలుచున్నది, ఏ కండరము ఏ యెముకను లాగుచున్నది, ఏ కీలు ఎంతవరకు వంగును, గుండెయు ఊపిరితిత్తులును ఆ పనికి కావలసిన శక్తిని ఎట్లు చేకూర్చును అను సంగతులను విచారించు శాస్త్రమిది. దీనిని మేము చలనశాస్త్రమని పిలిచెదము. స్వీడన్ దేశమున పుట్టి అమెరికాలో వ్యాయామము బోధించిన నిల్స్ పాసే 1894లోనే ఈ పేరు గల గ్రంథమొకటి ప్రకటించెను. 1964లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఫ్రాంక్లిన్ హెన్రీ, వ్యాయామ విద్య కేవలము డ్రిల్లు కాదనియు, అదియు చరిత్రవలె రసాయనమువలె ఒక విద్యాశాఖయే యనియు వాదించెను. తరువాతి కాలమున అనేక విశ్వవిద్యాలయములు తమ వ్యాయామ శాఖలకు చలనశాస్త్ర శాఖలని పేరు మార్చుకొనినవి.

ఈ శాస్త్రము ఎట్టిదో ఒక చిన్న ఉదాహరణముతో తెలిసికొనవచ్చును. విద్యార్థులారా, మోచేతిని వంచి అరచేతిలో ఒక కిలో రాతిని పట్టుకొనుడు. మీ ముంజేయి ఒక తులాదండము. మోచేతి కీలు దాని ఆధారబిందువు. దండచేతి కండరము ఆ కీలునకు సుమారు రెండంగుళముల దూరమున ముంజేతి ఎముకకు అతుకబడియున్నది. రాయి సుమారు పదునాలుగు అంగుళముల దూరమున నున్నదనుకొనుడు. అప్పుడు ఒక కిలో రాతిని నిలుపుటకై కండరము ఏడు కిలోల బలముతో లాగవలెను. ఇది నష్టమని తోచును. కాని కండరము తన చివరను ఒక్క అంగుళము లాగినచో, చేయి ఏడు అంగుళములు కదలును. బలమున నష్టపోయినది వేగమున లాభముగా వచ్చినది. బంతి విసరువాని చేతి వేగమునకు గల కారణములలో ఇది యొకటి. లెక్కల తరగతిలో నేర్చిన సంగతియే మీ చేతిలో నున్నది. మీరు చూడవలసినదే ఆలస్యము.

2. పదునాలుగు దినముల సమస్య

నైస్మిత్ 1861 నవంబరు 6వ తేదీన కెనడా దేశములోని ఆల్మాంట్ అను ఊరి సమీపమున జన్మించెను. 1870లో విషజ్వరమువలన తల్లియు తండ్రియు మరణింపగా, మేనమామ యింట పెరిగెను. హైస్కూలు చదువు నడుమ మాని కొన్ని యేండ్లు అడవులలో కలప కొట్టు పనిచేసెను. పిమ్మట తన తప్పిదము తెలిసికొని, తనకంటె చిన్నవారితో కూడ బల్లపై కూర్చుండి హైస్కూలు ముగించి, మాంట్రియాలులోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున పట్టము పొందెను. తరువాత వేదాంత విద్యయు అభ్యసించెను. చదువులోను ఆటలోను సమానముగా ఆసక్తి గల ఆ యువకుడు, దేహమును తీర్చిదిద్దుట కూడ దైవసేవయేనని నమ్మి, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణములోని వై. యం. సి. ఏ. శిక్షణ పాఠశాలలో ప్రవేశించి, అచ్చటనే బోధకుడయ్యెను.

1891 చలికాలమున ఆ పాఠశాలలో ఒక చిక్కు ఏర్పడెను. మంచు కురియు దినములలో బయట ఆటలు లేవు. గది లోపల చేయు కసరత్తు విద్యార్థులకు విసుగు పుట్టించెను. పదునెనిమిదిమంది గల యొక తరగతి ఇద్దరు బోధకులను విసిగించి పంపివేసెను. అప్పుడు శాఖాధిపతియైన లూథర్ గూలిక్, గది లోపల ఆడదగిన క్రొత్త ఆటను పదునాలుగు దినములలో కనిపెట్టవలెనని నైస్మిత్‌ను ఆజ్ఞాపించెను.

ఆయన మొదట బయటి ఆటలనే లోపలికి తెచ్చి చూచెను. అవి గోడలకును ఎముకలకును అపాయమయ్యెను. అప్పుడు శాస్త్రజ్ఞుడు ఆలోచించినట్లు ఆలోచించెను. ఆటలో మోటుదనము ఎచ్చట పుట్టుచున్నది? ఒకడు బంతి పట్టుకొని పరుగెత్తునప్పుడు వానిని ఆపుటకై రెండవవాడు మీదపడుట చేతనే గదా! కావున బంతితో పరుగెత్తరాదని విధించినచో మీదపడవలసిన అవసరము పోవును. ఇక గోలు నేలమీద నిలువుగా నుండినచో ఎవడెంత బలముగా కొట్టిన అంత లాభము. గోలును తలలకు పైగా, నోరు ఆకాశమువైపు ఉండునట్లు పెట్టినచో, బలమునకు విలువ తగ్గి గురికి విలువ పెరుగును. రాతిమీద నిలిపిన రాతిని మరియొక రాతితో పడగొట్టు తన చిన్ననాటి ఆటలో, మెల్లగా వంపుగా విసరినవాడే నేర్పరియని ఆయనకు జ్ఞాపకము వచ్చెను.

రెండు పెట్టెలు కావలెనని అడుగగా, పాఠశాల కావలివాడు రెండు పీచ్ పండ్ల బుట్టలు తెచ్చి యిచ్చెను. వానిని పది అడుగుల యెత్తున మేకులతో బిగించిరి. పదుమూడు నియమములు వ్రాసి గోడకు అంటించిరి. 1891 డిసెంబరులో ఆ పదునెనిమిదిమంది తొమ్మిదేసిమంది చొప్పున రెండు జట్లుగా ఆడిరి. బుట్టకు అడుగు ఉండుటచేత, బంతి పడినప్పుడు పైకెక్కి తీయవలసి వచ్చెను. మొదటి ఆటలో ఒకేయొక గోలు వచ్చినది. అట్లయినను విసుగుకొను తరగతి మరల విసుగుకొనలేదు.

ఇచ్చట గమనింపవలసినదేమి? ఆ ఆట అదృష్టమువలన పుట్టలేదు. దేహమెట్లు కదలును, కోపమెట్లు పుట్టును, నియమమొకటి మార్చిన కదలిక ఎట్లు మారును అని యోచించిన బుద్ధినుండి పుట్టినది.

3. వలయములోని గణితము

పై తరగతుల విద్యార్థులకు ఈ ఆటలో దాగియున్న యొక లెక్కను చూపెదము. నేటి నియమముల ప్రకారము వలయపు అడ్డుకొలత 18 అంగుళములు. పురుషుల బంతి చుట్టుకొలత సుమారు 29½ అంగుళములు. అనగా దాని అడ్డుకొలత సుమారు 9.4 అంగుళములు. బంతి నిట్టనిలువుగా పైనుండి దిగినచో దానికి 18 అంగుళముల ద్వారము పూర్తిగా తెరచియుండును. ఏటవాలుగా వచ్చినచో ఆ ద్వారము ఇరుకగును. ఎంత ఇరుకగునో తెలిసికొనుటకు 18ని ఆ వచ్చు కోణముయొక్క సైనుతో హెచ్చింపవలెను. 45 డిగ్రీల కోణమున దిగినచో ద్వారము సుమారు 12.7 అంగుళములు, బంతి దూరును. 30 డిగ్రీల కోణమున వచ్చినచో ద్వారము 9 అంగుళములు మాత్రమే, 9.4 అంగుళముల బంతి వలయమును గాని పలకను గాని తాకక దూరుట అసాధ్యము.

నైస్మిత్ బలమునకు బదులు వంపును కోరినందుకు ఫలమిదే. బంతిని పైకెత్తి విసరుమని ఆటల మాస్టరుగారు చెప్పునప్పుడు, ఆయన త్రికోణమితియే బోధించుచున్నారు. లెక్కల అయ్యవారు సైను పట్టికను బోధించునప్పుడు, ఆయన ఆటయే నేర్పుచున్నారు. ఇరువురి నడుమ గోడ మనము కట్టినదేగాని, ప్రకృతి కట్టినది కాదు.

4. కాన్సాసు విశ్వవిద్యాలయములో

నైస్మిత్ అంతటితో ఆగలేదు. డెన్వరు నగరమున పనిచేయుచు వైద్యవిద్య అభ్యసించి 1898లో వైద్యపట్టము పొందెను. అదే సంవత్సరము కాన్సాసు విశ్వవిద్యాలయమునకు వచ్చి, ప్రార్థనాలయ కార్యములకును వ్యాయామ విద్యకును బాధ్యుడయ్యెను. 1937లో విశ్రాంతి పొందువరకు అచ్చటనే యుండెను. వైద్యుడు, బోధకుడు, వ్యాయామ గురువు, ముగ్గురును ఒక్క మనుష్యునియందే కలిసిరి.

ఒక విచిత్రమైన సంగతి చెప్పవలసియున్నది. 1898 మొదలు 1907 వరకు ఆయన ఆ విశ్వవిద్యాలయపు బాస్కెటుబాలు జట్టును నడిపెను. ఆ జట్టు 55 ఆటలు గెలిచి 60 ఆటలు ఓడెను. ఆటను కనిపెట్టినవాడే ఆ ఆటలో గెలుపుకంటె ఓటమియే ఎక్కువ చూచెను! ఆయన శిష్యుడు ఫారెస్ట్ ఆలెన్ మాత్రము ఆ జట్టునకే గొప్ప శిక్షకుడై పేరుగాంచెను. గెలుపోటముల పట్టికయే గురువుకు కొలబద్ద అయినచో నైస్మిత్ తక్కువవాడు. కాని ఆయన పట్టికలు చూచుకొనినవాడు కాడు. ఆట ముగిసిన తరువాత విద్యార్థియందు ఏమి మిగులును అనునదే ఆయన ప్రశ్న. అందుకు ఒక దృష్టాంతము చెప్పెదము.

5. జట్టులో చోటులేని విద్యార్థి

1933లో జాన్ మెక్లెండన్ అను నల్లజాతి యువకుడు వ్యాయామ విద్య చదువుటకై కాన్సాసు విశ్వవిద్యాలయమునకు వచ్చెను. ఆ కాలమున ఆ విశ్వవిద్యాలయపు బాస్కెటుబాలు జట్టులో నల్లజాతివారికి చోటులేదు. ఆటను మిక్కిలి ప్రేమించినవాడు, ఆటస్థలపు గీత దాటరాని స్థితి. బావికడను బడికడను నిలువబెట్టబడిన జనులు గల మన దేశములో ఈ బాధ ఎట్టిదో వివరింప నక్కరలేదు.

అప్పటికి డెబ్బది యేండ్లు దాటిన నైస్మిత్ ఆ యువకునికి సలహాదారు ఆచార్యుడయ్యెను. జట్టు తలుపు మూయబడియుండగా తరగతి తలుపు తెరచెను. ఆడుటకు వీలులేని ఆటను మెక్లెండన్ శాస్త్రముగా నేర్చెను. 1936లో పట్టము పొందెను. వ్యాయామ విద్యలో అచ్చట పట్టము పొందిన మొదటి నల్లజాతి విద్యార్థి అతడే.

ఆ విద్య ఏమయ్యెను? మెక్లెండన్ శిక్షకుడై, మైదానమంతటను వేగముగా సాగు ఆటపద్ధతిని పెంపొందించెను. నల్లజాతివారును తెల్లవారును కలిసి ఆడుట నిషిద్ధమైన నార్త్ కరోలైనా రాష్ట్రములో, 1944 మార్చి 12వ తేదీన తలుపులు మూసికొని, డ్యూక్ విశ్వవిద్యాలయపు వైద్యవిద్యార్థుల జట్టుతో తన జట్టును ఆడించెను. 88కి 44 పాయింట్ల లెక్కతో మెక్లెండన్ జట్టు గెలిచెను. టెనెస్సీ రాష్ట్రమున ఆయన శిక్షణ పొందిన జట్టు 1957, 1958, 1959 సంవత్సరములలో వరుసగా మూడుమారులు జాతీయ పోటీ గెలిచెను. 1999లో మరణించులోపల ఆయన బాస్కెటుబాలు కీర్తిమందిరమున చేర్చుకొనబడెను. మరణానంతరము 2016లో శిక్షకుడుగా మరల చేర్చబడెను.

చదువునకును ఆటకును సంబంధము లేనిదే యైనచో, జట్టులో చోటు లేకపోయిన దినముననే మెక్లెండన్ ఆట ముగిసిపోయియుండును. వాటి నడుమ ఒక ఆచార్యుడు నిలిచినందున అది ముగియలేదు.

6. వారధి తెగినప్పుడు

ఇట్టివారు లేనిచోట ఏమగునో కూడ చూడవలెను. గత శతాబ్దమునకు ముందు అమెరికా కాలేజీలలో ఫుట్‌బాలు జట్లకై చదువుతో పనిలేని బలశాలురను చేర్చుకొనుట జరిగెను. దీనిని మాన్పుటకై 1896లో ఏడు విశ్వవిద్యాలయముల ఆచార్య ప్రతినిధులు చికాగో నగరమున కూడి, యథార్థముగా చదువుచున్నవాడే ఆడవలెనను నియమము నిలిపిరి. నేడు బిగ్ టెన్ అని పిలువబడు కూటమి అట్లు పుట్టినది. 1905లో పత్రికల లెక్క ప్రకారము ఫుట్‌బాలువలన 18మంది మరణించిరి. అధ్యక్షుడైన థియోడర్ రూజ్వెల్ట్ కాలేజీల పెద్దలను పిలిపించి ఆటను సంస్కరింపుమని కోరెను. 1906లో అనేక కాలేజీలు కలిసి యొక సంఘము నేర్పరచుకొనెను. 1910లో దానికి జాతీయ కాలేజి క్రీడాసంఘమని పేరు కలిగెను.

ఆ సంఘములోని ప్రతి విశ్వవిద్యాలయమును తన ఆచార్యులలో నొకనిని క్రీడలకు ప్రతినిధిగా నియమింపవలెనని 1989లో నియమము చేయబడెను. ఆటగాండ్ర చదువు సరిగా సాగుచున్నదా, పరీక్షలు న్యాయముగా జరుగుచున్నవా అని చూచి అధ్యక్షునికి చెప్పుట ఆ ఆచార్యుని పని. చలనశాస్త్ర ఆచార్యుడు ఇందుకు మిక్కిలి తగినవాడు. ఏలయన, ఆటగాని దేహపు అలసటను, విద్యార్థి బుద్ధిపై బడు భారమును ఒక్క చూపున చూడగలవాడతడే.

నియమము మాత్రమే చాలదని చూపు సంగతియు కలదు. నార్త్ కరోలైనా విశ్వవిద్యాలయమున పదునెనిమిది యేండ్లపాటు, బోధన లేకయే మార్కులిచ్చు తరగతులు నడిచెనని 2014లో విచారణ తేల్చెను. మూడువేలకు పైగా విద్యార్థులు వానిలో చేరిరి. వారిలో సగమునకు సమీపముగా ఆటగాండ్రే. ఆ ఆటగాండ్రకు మార్కులు దొరికినవి, విద్య దొరకలేదు. మార్కులు కలిపిన తప్పేమియని అడుగువారికి ఇదే మా ప్రత్యుత్తరము. అది బహుమానము కాదు. పిల్లవాని నుండి దొంగిలించుట.

2021 జూలై మొదలు అమెరికా కాలేజి ఆటగాండ్రు తమ పేరును రూపమును ఉపయోగింపనిచ్చి ద్రవ్యము పొందుటకు అనుమతి కలిగెను. 2025లో విశ్వవిద్యాలయములే వారికి నేరుగా ద్రవ్యమిచ్చుటకును దారి ఏర్పడెను. కష్టపడినవానికి కూలి దొరకుట న్యాయమే. అయినను ఆ కాలేజి ఆటగాండ్రలో ఆటయే వృత్తిగా బ్రదుకువారు నూటికి ఇద్దరికంటె తక్కువ. మిగిలిన తొంబదియెనిమిదిమందికి ఆట ముగిసిన మరుసటి దినమున ఏది అన్నము పెట్టును? ద్రవ్యము పెరిగినకొలది ఈ ప్రశ్నను అడుగు ఆచార్యుని అవసరమును పెరుగును.

7. మనకు పాఠము

ఈ విద్య మనకు దూరపుది కాదు. నైస్మిత్ బోధించిన స్ప్రింగ్‌ఫీల్డ్ పాఠశాలలోనే శిక్షణ పొందిన హ్యారీ క్రో బక్, 1920లో మదరాసున వై. యం. సి. ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించెను. ఆనాడు మన తెలుగు జిల్లాలలో అనేకము మదరాసు రాజధానిలోనివే. వ్యాయామమును కూడ శాస్త్రముగా చదివి, పట్టము పొంది, పాఠశాలలకు రావలెనను పద్ధతి ఈ దేశమున నాటుకొనుటకు ఆ కళాశాల ముఖ్య కారణము. కావున ఆటల మాస్టరుగారిని ఈల ఊదువానిగా మాత్రమే ఎంచుట అవివేకము. వారును ఒక శాస్త్రమును బోధించు ఉపాధ్యాయులే.

తలిదండ్రులారా, పిల్లవానిని మైదానమునుండి లాగివేయకుడు; అయితే వాడు మైదానమునుండి వచ్చిన పిమ్మట పుస్తకము తెరచుచున్నాడా లేదా అని తప్పక చూడుడు. ఆడపిల్లలకును దేహము గలదు, ఊపిరి గలదు. వారి ఆటను వంటయింటి పనికి బలి యీయకుడు. ఉపాధ్యాయులారా, ఆటగాని మార్కు దిద్దునప్పుడు కనికరముతో అంకె పెంచకుడు. కనికరమున్నచో సాయంకాలము అరగంట కూర్చుండబెట్టి పాఠము చెప్పుడు. విద్యార్థులారా, రెండు పడవలమీద కాళ్లు పెట్టరాదని పెద్దలందురు. నిజమే. కాని చదువును ఆటయు రెండు పడవలు కావు. ఒకే పడవకు రెండు తెడ్లు. ఒక ప్రక్కనే వేసినచో పడవ ఉన్నచోటనే తిరుగును.

విద్యార్థులు ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. బంతి 60 డిగ్రీల కోణమున దిగినచో, వలయపు ద్వారము ఎన్ని అంగుళములగును? బంతికి ఇరుప్రక్కల ఎంత చోటు మిగులును?

2. కబడ్డీ ఆటలో కూతకును ఊపిరితిత్తుల పనికిని గల సంబంధమును ఐదు వాక్యములలో వ్రాయుడు.

3. నైస్మిత్ జట్టు ఓటములు అరువది. ఆయన ఓడిన గురువగునా, గెలిచిన గురువగునా? కారణములు చెప్పుడు.

4. మన పాఠశాలలో ఆడుటకు ఆసక్తి యుండియు జట్టులో చోటు దొరకనివారు ఎవరెవరు? వారికొరకు మీరు చేయదగినదేమి?